తొడ కండ చేతికొచ్చిన వానాకాలం

ఆ వానాకాలం మొదలయ్యే నాటికి మా ఆయన కుడిచెయ్యి పక్కన వేలాడుతూ ఏడాది దాటింది. మోటారు సైకిలు మీంచి పడ్డప్పుడు మెడ దగ్గర నరాలు తెగాయి. విచిత్రం ఏమిటంటే వేళ్ళు బాగానే ఉన్నాయి. పిడికిలి బిగుస్తుంది. నేను పక్కనుంచి వెళ్తుంటే నా మణికట్టు పట్టుకుని ఆపగలడు. మోచెయ్యి మాత్రం వంగదు. చెంచా ఇస్తే పట్టుకుంటాడు, నోటిదాకా తేలేడు. దువ్వెన పట్టుకుంటాడు, తలదాకా రాదు. భోజనానికి కూర్చునేటప్పుడు ఎడమచేత్తో కుడి మణికట్టు ఎత్తి, బజారు నుంచి తెచ్చిన సంచీని పెట్టినట్టు బల్లమీద పెట్టేవాడు.

ఆయన ఇళ్ళకి రంగులు వేసే మనిషి. మూడో అంతస్తు దగ్గర నిచ్చెన మీద నించుని, కింద టీ కొట్టువాడితో ముచ్చట్లు పెట్టేంత గొంతు. ఆ గొంతు మూగబోయింది. పొద్దున్న కిటికీ దగ్గర కూర్చుంటే పొద్దుపోయేదాకా అక్కడే. ఎదురింటి గోడ చూస్తూ, "వాడెవడో గానీ, గోడకి పూసిన పుట్టీ సరిగ్గా రుద్దకుండానే రంగు కొట్టేశాడు" అని ఒక్కమాట అంటే ఆ రోజుకి అదే ఎక్కువ.

నేను బట్టలు కుడతాను. ముందుగది నాది, నా మిషనుది. వెనకగది మా అత్తయ్యది. మధ్యలో వంటగది ఇద్దరిదీ అని పేరే గానీ, అక్కడ ఆవిడ మాటే చెల్లుతుంది.

నా దగ్గర పరదాలు కుట్టించుకునే ఒకావిడ చెప్పింది, పెద్దాసుపత్రిలో ఒక డాక్టరమ్మ ఉందనీ, ఒకచోటి కండ తీసి ఇంకోచోట పెడుతుందనీ. వాళ్ళ తమ్ముడికి మోకాలి కింద ఎముక బయటపడిపోతే, కాలు తీసేయాలన్నారట. ఈవిడ పిక్క కండని పక్కకి తిప్పి, ఎముకని దుప్పటి కప్పినట్టు కప్పేసిందట. "ఇప్పుడు నా వెనకాలే మెట్లెక్కి వచ్చాడు చూడు" అంది. నిజంగానే వచ్చాడు, పరదాల మూట మోసుకుని.

ముగ్గురం వెళ్ళాం. డాక్టరమ్మ పొట్టిగా, తెల్లజుట్టుతో, మాట్లాడుతున్నంతసేపూ ఎదుటివాళ్ళ చెయ్యి తన ఒళ్ళో పెట్టుకునే మనిషి. మా ఆయన జబ్బని అటూ ఇటూ నొక్కి చూసింది.

"మోచెయ్యి వంచే కండ ఇది. ఇన్నాళ్ళూ పైనుంచి ఏ కబురూ రాక ఎండిపోయింది. ఇప్పుడు నరం అతికించినా వినడానికి అక్కడ ఎవరూ లేరు. కొత్త కండ పెట్టాలి."

"ఎక్కణ్ణుంచి తెస్తారు?" అంది అత్తయ్య, బజార్లో సరుకు సంగతి అడిగినట్టు.

"ఆయన దగ్గర్నుంచే. తొడ లోపలివైపు సన్నగా, పొడుగ్గా ఒక కండ ఉంటుంది. అది లేకపోయినా నడక ఆగదు, దాని పని చేసేవి పక్కనే ఇంకా ఉన్నాయి. దాన్ని రక్తనాళాలతో, నరంతో సహా తీసి, పైన భుజానికీ కింద మోచేతికీ కుడతాం."

నా బుర్రలో వెంటనే గుడ్డే మెదిలింది. "మేం అంచు మడతలోంచి ముక్క తీసి చంకలో అతుకు వేసినట్టన్నమాట" అన్నాను.

"అంతే. కాకపోతే మీ అతుకు గుడ్డముక్క. మా అతుకు బతకాలి."

"మరి దానికి కబురు ఎవరు చెబుతారు? మెడ దగ్గర తెగిపోయాయన్నారుగా" అన్నాడు మా ఆయన. ఆ రోజు ఆయన నోరు విప్పడం అదే మొదలు.

డాక్టరమ్మ మొహం వెలిగింది. "మంచి ప్రశ్న. పక్కటెముకల వెంబడి ఊపిరికి పనిచేసే నరాలు వరసగా ఉంటాయి. వాటిలో రెండు మూడింటిని ఇటు తిప్పి ఈ కండకి కలుపుతాం. అవి మెల్లిగా పెరిగి కండలోకి దిగడానికి నెలలు పడుతుంది. ఆ తర్వాత మీరు గట్టిగా ఊపిరి పీలిస్తే చెయ్యి కదులుతుంది."

అత్తయ్య లేచి నిలబడింది. "కాలు కోసి చేతిలో పెట్టి, దానికి ఊపిరి తీసుకెళ్ళి ముడేస్తారా? అమ్మా, మా వాడికి పోయింది ఒక్క చెయ్యి. మీరు ఒళ్ళంతా కదిలిస్తానంటున్నారు. రేపు చెయ్యి ఎత్తబోతే కాలు లేస్తే?"

మా ఆయన ఆవిడని పట్టించుకోలేదు. "నేను నిచ్చెన ఎక్కగలనా?" అన్నాడు.

"కాలుకి ఏం కాదు, ఎక్కగలరు. చెయ్యి మాత్రం పాత చెయ్యిలా అవుతుందని చెప్పను. కొందరికి పూర్తిగా వంగుతుంది, కొందరికి సగం. అతికించిన కండ మొదటి రోజుల్లోనే చచ్చిపోయినా పోవచ్చు, అప్పుడు తీసేయాలి. సగం వంగినా చాలనుకుంటేనే రండి."

తిరుగు బస్సులో ఆయన కిటికీ పక్కన కూర్చున్నాడు. దిగేముందు, "ఆవిడ అబద్ధం చెప్పలేదు" అన్నాడు. అంతే. ఆపరేషనుకి ఒప్పుకోవడం అలా జరిగింది.

అత్తయ్య ఆరోజు నుంచి నాతో మాటలు మానేసింది. గోడతో మాట్లాడేది. "ఉన్నదీ పోయింది, ఉంచుకున్నదీ పోయింది అని రేపు ఏడవకుండా ఉంటే చాలు" అని గోడకి చెప్పేది. గోడ పక్కన నేనుంటే నా ఖర్మ.

మొదటి వాన పడిన రోజే ఆయన్ని థియేటర్లోకి తీసుకెళ్ళారు. తెల్లవారినప్పుడు వెళ్ళిన మనిషిని బయటికి తెచ్చేసరికి వీధి దీపాలు వెలిగాయి. జబ్బ నిండా కట్లు, తొడ మీద కట్టు, పక్కటెముకల మీద ఇంకో కట్టు. జబ్బ కట్ల మధ్య మాత్రం తొడ నుంచి కండతోపాటు తెచ్చిన చర్మం ముక్క, ఆకంత, బయటికి వదిలారు. అదొక కిటికీ అట. లోపల కండ ఎలా ఉందో దాని రంగు చూసి చెబుతారట. నర్సమ్మ వచ్చి వేలితో నొక్కేది, తెల్లబడేది, వదిలేది, మళ్ళీ ఎరుపెక్కేది. చిన్న యంత్రం ఆనిస్తే లోపల నెత్తురు పారే చప్పుడు వినిపించేది, దూరంగా ఎవరో నేల ఊడుస్తున్నట్టు.

మర్నాడు మధ్యాహ్నం నర్సమ్మ నొక్కింది. వదిలింది. మళ్ళీ నొక్కింది. నాకేసి చూడకుండా గబగబా వెళ్ళిపోయింది. వంగి చూశాను. ఆ ఆకంత చర్మం ఊదారంగుకి తిరిగింది. ఎక్కువ సేపు పట్టలేదు, డాక్టరమ్మ పరుగున వచ్చింది. "నెత్తురు వెళ్తోంది గానీ తిరిగి రావడం లేదు. గడ్డ అడ్డుపడింది. మళ్ళీ విప్పాలి" అని ఆ మంచాన్నే తోసుకుంటూ వెళ్ళిపోయారు.

నేనూ అత్తయ్యా నడవాలో బెంచీ మీద మిగిలాం. బయట వాన దంచుతోంది. నా చేతులు ఒళ్ళో ఉన్నాయి గానీ నావి కానట్టున్నాయి. ఆపరేషను కాగితాల మీద సంతకం నేను పెట్టాను. ఆవిడ ఏమంటుందో నాకు తెలుసు. ఏమన్నా పడదామనే కూర్చున్నాను.

అత్తయ్య సంచీలోంచి రొట్టె తీసి రెండుగా విరిచింది. పెద్దముక్క నా చేతిలో పెట్టింది.

"తిను."

"నాకొద్దు అత్తయ్యా."

"తిను అమ్మాయ్. నువ్వు కూడా పడిపోతే నేను ఎన్ని మంచాల చుట్టూ తిరగను?"

నేను కొరికాను. ఆవిడ గోడకేసి చూస్తూనే అంది, అలవాటు పోదు కదా. "వాణ్ణి నువ్వొక్కదానివే ఇక్కడికి తెచ్చావనుకుంటున్నావా? మా వాడి మొండితనం నీకంటే నాకు ముందు తెలుసు. నేను గట్టిగా అడ్డుపడితే గడప దాటేవాడా? వద్దు వద్దు అంటూనే వాడి సంచీ సర్దింది నేను. తువ్వాలు మర్చిపోతే వెనక్కి వెళ్ళి తెచ్చింది నేను."

"మరి ఇన్నాళ్ళూ నాతో మాట్లాడలేదేం?"

"భయం వేస్తే ఎవరిమీదో ఒకరిమీద కోపం తెచ్చుకోవాలి కదే. దేవుడి మీద తెచ్చుకుంటే బాగుంటుందా, ఇలాంటప్పుడు?"

నాకు నవ్వొచ్చింది. ఏడుపు కూడా వచ్చింది. ఆ నడవాలో రెండింటినీ రొట్టెతో కలిపి మింగేశాను.

డాక్టరమ్మ బయటికి వచ్చినప్పుడు టోపీ తీసి, గోడకి ఆనుకుని నిలబడింది. "గడ్డ తీసేశాం. సిరకి కొత్త ముక్క వేశాం. రంగు మళ్ళీ మామూలైంది" అంది. అత్తయ్య మిగిలిన రొట్టె ఆవిడ చేతిలో పెట్టింది. అంత పెద్ద డాక్టరూ మారుమాట్లాడకుండా నించునే తినేసింది.

మా ఊళ్ళో వానలు ఒకసారి పట్టుకుంటే చలి మొదలయ్యేదాకా వదలవు. ఆ వానలన్నీ మేం ఎదురుచూపులతో గడిపాం. కండ బతికింది. కొన్నాళ్ళు కుంటుతూ నడిచాడు, తర్వాత నడక మామూలైంది. కానీ జబ్బలో కొత్త కండ మాత్రం కొత్తగా అద్దెకి దిగిన మనిషిలా తలుపు వేసుకుని పడుకుంది. ఉలుకూ లేదు, పలుకూ లేదు.

చేతికి కసరత్తు చేయించడానికి ఒక మాస్టారు వచ్చేవాడు. బక్కపలచగా, తనకే ఊపిరి చాలదన్నట్టుండేవాడు. వచ్చిన దగ్గర్నుంచీ ఒకటే పాట: "గట్టిగా పీల్చండి, చేతినే చూడండి, వంగుతోంది అనుకోండి." అత్తయ్య ఆయనకి ఊపిరి మాస్టారని పేరు పెట్టింది. ఆయన వెళ్ళాక తనే మాస్టారయ్యేది. "పీల్చరా నాన్నా. ఇంకా. దగ్గు. దగ్గురా, సిగ్గెందుకు?" అని తనూ దగ్గేది. తోడుగా నేనూ దగ్గేదాన్ని. కొలతలివ్వడానికి వచ్చినవాళ్ళు గుమ్మంలోనే ఆగి, "ఇంటిల్లిపాదికీ జలుబా?" అని అడిగేవాళ్ళు.

చెయ్యి కదలలేదు. కానీ ఇల్లు కదిలింది, అది మాకు అప్పుడు తెలియలేదు.

కిటికీ దగ్గర చలిగాలి కొడుతోందని ఆయన్ని నా కుట్టుబల్ల దగ్గరికి మార్చాను. ఖాళీగా కూర్చోలేక ఎడమచేత్తో దారాలు కత్తిరించడం మొదలుపెట్టాడు. గుండీల డబ్బాలో రంగుల వారీగా గుండీలు ఏరిపెట్టాడు. కుడిచేతిని బల్లమీద పెట్టుకుని, ఆ వేళ్ళతో గుడ్డ అంచు పట్టి ఉంచేవాడు, నేను కుట్టు వేసేదాన్ని. పెళ్ళయిన ఇన్నేళ్ళలో మేమిద్దరం పగటిపూట ఒకచోట ఇంతసేపు కూర్చోవడం అదే మొదటిసారి. ఆయన పొద్దున్నే నిచ్చెన భుజాన వేసుకుని వెళ్ళిపోయేవాడు. వచ్చేసరికి నేను వంటగదిలో ఉండేదాన్ని. ఆయనకి పాలలో మీగడ పడదని కూడా నాకు ఆ వానాకాలంలోనే తెలిసింది. ఇన్నేళ్ళూ నోరెత్తకుండా తాగాడట.

"చెప్పొచ్చుగా?" అన్నాను.

"నువ్వు ప్రేమగా వేస్తున్నావేమో అనుకున్నాను."

"మీ అమ్మ వెయ్యమంది, వేశాను."

లోపల్నుంచి అత్తయ్య, "వాడికి చిన్నప్పట్నుంచీ మీగడంటే ప్రాణం" అని కేకేసింది. ఆయన నాకేసి చూసి పెదవి బిగపట్టాడు.

పరదాలు కుట్టించుకోవడానికి వచ్చేవాళ్ళకి ఆయన రంగులు చెప్పడం మొదలుపెట్టాడు. "మీ గదికి వెలుతురు ఎటునుంచి వస్తుంది? పొద్దుటి ఎండా, సాయంత్రం ఎండా? అయితే ఈ పచ్చ వద్దండీ, సాయంత్రానికి బురదలా కనిపిస్తుంది." వాళ్ళు వినేవాళ్ళు. రెండోసారి వచ్చినప్పుడు నన్ను దాటుకుని ఆయన్నే అడిగేవాళ్ళు. గొంతు కొంచెం కొంచెంగా పైకి లేచింది. టీ కొట్టువాడు ఒకరోజు వీధిలోంచే, "అన్నా, మళ్ళీ వినబడుతున్నావే!" అన్నాడు.

ఆయన పాత చొక్కాలు కుడివైపు పట్టడం లేదు. తొడ కండ కదా, జబ్బ పైన లావుగా ఉంది. కొత్త చొక్కా కుడదామని ఒక మధ్యాహ్నం భోజనాలయ్యాక కొలతలు తీసుకున్నాను. అత్తయ్య వెనకగదిలో నిద్రపోతోంది. వాన సన్నగా పడుతోంది. మెడ అయింది, ఛాతీ అయింది. జబ్బ చుట్టూ టేపు వేసి రెండు కొసలూ వేళ్ళతో పట్టుకున్నాను.

"ఎడమచేతికో కొలత, కుడిచేతికో కొలత. నాకు చొక్కా కుట్టాలంటే ఇద్దరు మనుషులకి కుట్టినట్టే" అని ఆయన గట్టిగా నిట్టూర్చాడు.

టేపు నా వేళ్ళలో బిగిసింది.

నేనే లాగానేమో అనుకుని వదులు చేశాను. "మళ్ళీ నిట్టూర్చండి."

"నిట్టూర్పు అడిగితే వస్తుందా?"

"పోనీ ఊపిరి పీల్చండి. గట్టిగా."

పీల్చాడు. టేపు కింద ఏదో ఒదిగి పడుకున్నది ఒళ్ళు విరుచుకున్నట్టయింది. వదిలాడు, సద్దుమణిగింది.

ఆయన ఎడమ అరచెయ్యి తీసుకుని, నా వేళ్ళున్నచోట పెట్టాను. ఆయన నా మొహంలోకి చూశాడు. పీల్చాడు. ఆగాడు. మళ్ళీ పీల్చాడు.

"నేను చేయడం లేదు" అన్నాడు మెల్లిగా.

"మీరే" అన్నాను.

ఆయన ఇంకో రెండుసార్లు పీల్చాడు. "అత్తయ్యని లేపనా?" అన్నాను.

"అప్పుడే వద్దు. ఇంకొంచెంసేపు చూసుకోనీ."

ఆయన కిటికీకేసి తిరిగి కూర్చుని పీలుస్తూ, వదులుతూ ఉన్నాడు. నేను టేపు మెడలో వేసుకుని, గుడ్డ పరిచి, సుద్దముక్కతో గీతలు గీశాను. ఆ గీతలు ఎక్కడ పడ్డాయో మర్నాడు చూసుకుంటే గానీ తెలియలేదు. చొక్కాకి మూడు చేతులు గీసి ఉన్నాయి.

అత్తయ్య లేచి వచ్చాక చెయ్యి పెట్టి చూసింది. "కప్పపిల్ల గెంతుతోందే!" అంది. ఆ సాయంత్రం మా ఇంటికి వచ్చినవాళ్ళెవరూ ఆ కప్పపిల్లని ముట్టుకోకుండా తిరిగి వెళ్ళలేదు.

తర్వాత కొన్ని వారాలు మాకు మంచి తమాషా అయింది. చెయ్యి వంగడం మొదలుపెట్టింది గానీ, ఎవరి మాట వినాలో దానికి తెలియదు. ఊపిరి మాటే వినేది. తుమ్మితే ఎగిరేది. ఆవులిస్తే మోచెయ్యి బల్ల మీంచి లేచేది. ఎక్కువ నవ్వితే చెయ్యి ఎగిరెగిరి పడేది, అది చూసి మేం నవ్వితే ఆయన ఇంకా నవ్వేవాడు, చెయ్యి ఇంకా గెంతేది. "అయ్యో ఆపండి, నొప్పి పుడుతోంది" అనేవాడు కళ్ళు తుడుచుకుంటూ. కోపం వస్తే దాచుకునే వీల్లేదు. గుండెనిండా గాలి పీల్చి అరవబోయేసరికి చెయ్యి ముందే లేచేది. అత్తయ్య పకపకా నవ్వేసేది, ఇక ఎవరిమీద అరుస్తాడు?

డాక్టరమ్మకి చూపించడానికి వెళ్తే, ఆయన గదిలో అడుగుపెట్టగానే తుమ్మాడు. చెయ్యి లేచింది. ఆవిడ చప్పట్లు కొట్టింది. "ఇప్పుడు ఊపిరితో వంగుతోంది. రోజూ ఊపిరీ మీ ఆలోచనా కలిపి పంపిస్తూ ఉండండి. కొన్నాళ్ళకి ఊపిరి తప్పుకుంటుంది, మీరు అనుకుంటే చాలు, వంగుతుంది. దానికి పేరేం పెట్టారు?"

"కప్పపిల్ల" అంది అత్తయ్య దర్జాగా. డాక్టరమ్మ పక్కనున్న చిన్న డాక్టర్లకి కూడా ఆ మాటే చెప్పింది.

వానలు వెళ్ళిపోయాయి. మా ముందుగది గోడకి చెమ్మ మరకలు మిగిలాయి. రంగు వేయిస్తానని నేనంటే, "ఆరనీ. తడి గోడకి రంగు వేస్తే పెచ్చులు లేస్తాయి" అని ఆయన రోజూ వచ్చి గోడకి అరచెయ్యి ఆనించి చూసేవాడు. చలికాలం సగం గడిచాక ఒకరోజు, "ఇవాళ ఆరింది" అన్నాడు. రంగు ఆయనే కలిపాడు. లేత గోధుమరంగు. సాయంత్రం ఎండ పడే గది కదా.

నడుము ఎత్తుదాకా ఎడమచేత్తో ఆయనే వేశాడు. గీత కొంచెం వంకరగా వచ్చింది, మళ్ళీ వేశాడు. పైభాగానికి నన్ను నిచ్చెన ఎక్కమన్నాడు. నేను కుట్టుమిషను ఎత్తు దాటి ఎక్కినదాన్ని కాదు. రెండో మెట్టు మీదే ఆగి నిచ్చెనని రెండు చేతులా పట్టుకున్నాను.

"కిందికి చూడకు. నేనున్నాగా" అన్నాడు.

"నువ్వుంటే ఏం లాభంరా, అది పడితే నీమీదే పడుతుంది" అంది అత్తయ్య గుమ్మంలోంచి.

"పడనీ అమ్మా. కుంచె పట్టుకోవడం చూస్తుంటే అదే నయమనిపిస్తోంది. అలా కాదు, చీపురు పట్టుకున్నట్టు పట్టుకోకు. మణికట్టు వదులుగా పెట్టు. కింద నుంచి పైకి లాగు. ఆ, అలా."

కుంచె ముంచడానికి డబ్బా కోసం చెయ్యి చాచాను. ప్రతిసారీ ఆయన ఎడమచేత్తో అందించేవాడు, నిచ్చెన వదిలేసి. ఈసారి నిచ్చెన వదల్లేదు. ఎడమచేత్తో దాన్ని పట్టుకునే ఉండి, కిందికి వంగి, కుడివేళ్ళతో చిన్న డబ్బా పిడి పట్టుకున్నాడు. అడుగున కాస్త రంగు ఉందందులో. లేచి నిలబడ్డాడు. గాలి గట్టిగా పీల్చలేదు, నేను ఆయన ఛాతీకేసే చూస్తున్నాను. మోచెయ్యి మెల్లిగా మడతపడింది. డబ్బా నడుము దాటింది, నా మోకాలి దగ్గరికి వచ్చి ఆగింది. కొంచెం వణుకుతోంది.

నేను కుంచె ముంచడం మర్చిపోయాను.

"బరువుగా ఉందా?" అన్నాను.

ఏడాదిన్నరకి పైగా ఏ బరువూ ఎరగని చెయ్యి అది. ఆయన దానికేసి చూసుకున్నాడు, మొహం నిండా నవ్వు పరుచుకుంది.

"ఉంది" అన్నాడు. "బరువుగా ఉంది."

"దింపేయండి మరి."

"ఉండనీ. నువ్వు ముంచుకో."